మా బావ చేతిల పడ్డ సిరామిక్ యోయో

మహబూబ్‌నగర్‌ల నాకు కండ్లద్దాల దుకాణం ఉంది. పొద్దంత నా నోటెంబడి వచ్చే మాట ఒక్కటే, కోటింగ్. "పెద్దమనిషీ, గీ అద్దానికి కోటింగ్ ఉంది, కండువతోని తుడవకు. అమ్మా, కొంగుతోని రుద్దకు, కోటింగ్ పోతది." అందరు తలకాయ ఊపుతరు. మెట్లు దిగంగనే అద్దాలు తీసి, నోటితోని ఆవిరి ఊది, కండువ కొసతోని గిరగిర రుద్దుతరు. నేను లోపల్నుంచి చూస్తనే ఉంట. కొన్ని నెలలైనంక గదే మనిషొచ్చి, "ఏం అద్దాలిచ్చినవయ్యా, మీద పొర లేస్తాంది" అని నా మీదనే లేస్తడు.

గసొంటి నాకు, ఆడుకునే వస్తువు మీది కోటింగ్ సుత తలనొప్పి ఐతదని ఎన్నడు అనుకోలె.

నాకు యోయో పిచ్చి. చిన్నప్పుడు పాలల్ల కలుపుకునే పొడి డబ్బతోని ఉత్తగ ఒక ప్లాస్టిక్ యోయో వచ్చింది. దాన్ని నాలుగు దినాలు ఆడిచ్చి పలగ్గొట్టిన, మర్చిపోయిన. పెండ్లయి, పిల్లలైనంక, దుకాణం పెట్టినంక మల్ల పట్టుకున్న. మా పాలమూరు ఎండకాలం పగటిపూట దుకాణానికి కుక్క సుత రాదు. ఫ్యాను కింద కూసోని ఫోన్‌ల చూస్తుంటె, ఎక్కడెక్కడి మనుషులో ఇనుప ముక్కసొంటి యోయోను దారం మీద ఉయ్యాల ఊపుతున్నరు, వేలి మీద నిలబెడుతున్నరు. చూసి చూసి ఒకటి తెప్పిచ్చుకున్న.

ఇప్పటి యోయోలు మనకు తెలిసినట్టు ఉండయి. అల్యూమినియంతోని చేసిన రెండు చిప్పలు, నడుమ బోల్టు, బోల్టు మీద బేరింగు. కిందికి ఇసిరితె నిమిషాలకు నిమిషాలు అక్కడనే తిరుగుతది, దానంతట అది పైకి రాదు. దారాన్ని మడిచి లోపలికి తోస్తె అప్పుడు పట్టుకొని చేతికొస్తది. ఇది తెల్వనోళ్లు నా చేతిలకెల్లి గుంజుకొని, ఒక్కపారి ఇసిరి, అది పైకి రాకపోయేసరికి "అన్నా, ఇది ఖరాబైంది, వాపస్ పంపు" అని సలహ ఇస్తరు. ఎంతమందికి చెప్పాలె? చెప్పి చెప్పి నోరు నొస్తాంది.

నా మొదటిది ఎర్రగ, అద్దం లెక్క మెరుస్తుండె. చూస్తానికి బాగుండె గని, తిరుగుతున్న యోయోను బొటనవేలి మీదికి ఎక్కిచ్చి అక్కడ తిప్పుడనే ఆట ఒకటుంది, గది మాత్రం అస్సలు చెయ్యనియ్యలె. నున్నటి లోహం చెమట వేలుకు అతుక్కుంటది. తోలును పట్టి గుంజి, కిర్రుమని ఆగుతది. మా దిక్కు చెమట పట్టని వేలు యాడికెల్లి తేవాలె? నెట్ల వెతికితె తెలిసింది, పైన సిరామిక్ కోటింగ్ ఉన్నయి దొరుకుతయట. సిరామిక్ అంటె కుండ గాదు, పింగాణి గాదు. గా మట్టిజాతి పొడిని మెత్తగ చేసి, రంగుల కలిపి, పలచగ కొట్టి, పొయ్యిల పెట్టి కాలుస్తరు. మెరుపు ఉండదు. వేలుకు అతకదు.

అది ఇంటికొచ్చిన దినం నాకింక యాదికుంది. గుడ్డు పెంకు రంగు. తాకితె సుత గుడ్డు పెంకే. నున్నగ అనలేము, గరుకుగ అనలేము. కొత్త పలక మీద చెయ్యి పెట్టినట్టు పొడిపొడిగ, సల్లగ ఉంది. మా ఇంటామె చేతిలకు తీసుకొని, "గీ కోడిగుడ్డు కోసమా ఇన్ని దినాలు తలుపుకాడ నిలబడ్డవ్?" అన్నది. దాన్ని ఇసిరి బొటనవేలు మీద పెట్టిన. చప్పుడు లేదు. వేలు మీద ఏదో తిరుగుతాంది అన్న గుర్తు తప్ప బరువు లేదు, పట్టు లేదు. నేను నవ్విన్నట. తర్వాత మా ఇంటామెనే చెప్పింది.

గా సుఖం నాకు వానకాలం దాక ఉంది. వానకాలంల మా బావ వచ్చిండు.

మా బావ అంటె మా అక్క పెనిమిటి. కట్టంగూర్ దగ్గర బత్తాయి తోట. మాట పెద్దది, చెయ్యి పెద్దది, నవ్వు ఇంక పెద్దది. ఏ వస్తువునైనా బలం పెట్టి పడుతడు. చాయ్ గిలాసను సుత గొడ్డలి కామను పట్టినట్టు పడుతడు. మంచోడు, గని పొద్దున లేస్తె జర్దా. పొట్లం చింపుతడు, దౌడల పెడుతడు, రాత్రి పండుకునేదాక అదే పని. గా యేడు కారం నోట్ల పెడితె మంట, పెద్ద ముద్ద పెట్టుకుందామంటె నోరు తెరుచుకోవట్లేదని నల్లగొండల పండ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయిండు. ఆమె దౌడల తెల్ల మచ్చ చూసింది. "మూడు వేళ్లు నిలువుగ నోట్ల పెట్టు" అన్నది. బావకు రెండు సుత సక్కగ పట్టలె. "ఇగ జర్దా ముట్టినవంటె నేను జిమ్మెదారి కాదు" అని తెగేసి చెప్పింది.

అక్క ఫోన్ చేసి ఏడ్సింది. "తమ్మీ, కొన్ని దినాలు నీతాన ఉంచుకో. ఇంట్ల ఉంటె ఏదో ఒక సాకు చెప్పి పాన్ డబ్బ దిక్కే పోతాండు. ఎట్లైన కండ్లద్దాలు సుత మార్చుకోవాలె గదా." సరే అన్న.

బావ వచ్చి దుకాణంల కూసున్నడు. మనిషి ఈడ ఉన్నడు, చేతులు ఈడ లేవు. అంగి జేబు తడుముకుంటడు, ఏముండదు. లాగు జేబు తడుముకుంటడు, ఏముండదు. మల్ల అంగి జేబు. నా ఫ్రేములన్ని ఒక్కొక్కటి తీసి పెట్టుకొని చూసిండు, ఒకదాని కాడ వంచిండు. గప్పుడు కౌంటర్ మీద బట్టసంచిల ఉన్న యోయో కనవడ్డది.

"గిదేంది బామ్మర్దీ, బొంగరమా?"

"బొంగరం గాదు బావా, యోయో. ముట్టకు. ముందుగల్ల చేతులు కడుక్కొని రా."

"చేతులు కడుక్కొనుడా? ఇదేమన్న దేవుని పటమా?"

నవ్వుకుంటనే పోయి కడుక్కొచ్చిండు. నేను వేలుకు దారం కట్టి చూపెట్టిన. ఆయన ఇసిరిండు. అది కింద తిరుగుకుంట నిలబడ్డది. నేను అలవాటుగ, "పైకి రాదు, ఖరాబు గాలె" అని చెప్పబోయిన. ఆయన అడగనే లేదు. వంగి చూస్తాండు, మోకాళ్ల మీద చెయ్యి పెట్టుకొని, బర్రె ఈనినప్పుడు చూసినట్టు. అది ఆగేదాక చూసిండు. "మల్ల ఎట్ల తీసుకోవాలె?" అని అడిగిండు. నేర్పిన. పొద్దుమూకి షట్టర్ దించేదాక నేర్చుకుంటనే ఉన్నడు. అప్పుడు యాదికొచ్చింది నాకు, పగటి నుంచి ఈ మనిషి జేబు తడుముకోలె.

ఈ సంగతి నేను నోరు మూసుకొని నా కడుపుల పెట్టుకుంటె అయిపోతుండె. అక్కకు చెప్పిన. అక్క ఏమన్నది? "ఐతె గదేదో ఇచ్చి పంపు తమ్మీ." ఇగ కాదనెటట్టు లేదు. ఎర్రది ఇద్దామని తీసిన. బావ దాన్ని ఒక్కపారి వేలు మీద పెట్టి చూసి, వాపస్ ఇచ్చిండు. "ఇది వద్దు. వేలును కొరుకుతాంది. గా తెల్లది సల్లగ పోతాంది." ఇన్నేండ్లల్ల నా దగ్గర యోయో పట్టుకున్నోళ్లల్ల ఒక్కనికి గా తేడ తెల్వలె. తెలిసినోడు దొరికిండు అనుకునేసరికి, ఆయన నాదే తీసుకపోతాండు.

మూడు వారాలైనంక బావ ఊరికి పోతుంటె బస్టాండ్ దాక పోయి, బస్సు కదిలేదాక జాగ్రత్తలు చెప్పిన. బండల మీద ఆడకు, మట్టి మీద ఆడు. జేబుల తాళంచెవులతోని కలిపి వెయ్యకు. నూనె రాయకు. బట్టసంచిల పెట్టు. బావ కిటికిలకెల్లి చెయ్యి ఊపుకుంట "సరే సరే సరే" అన్నడు. మూడుమాట్ల సరే అన్నడంటె ఒక్కటి సుత ఇనలేదన్నట్టు. నా గిరాకీలు సుత గట్లనే అంటరు.

వారం తిరగకముందే ఫోన్.

"బామ్మర్దీ, దారం తెగింది."

"దారాల కట్ట ఇచ్చిన గదా బావా, ఇంకోటి కట్టుకో."

"గవి సుత తెగినయి. ఫికర్ చెయ్యకు, ఎరువు బస్తా మూతి కుట్టిన దారం ఉంటది సూడు, గది ఇప్పి కట్టిన. మస్తు నడుస్తాంది."

నేను తలకాయ పట్టుకొని కూసున్న. యోయోకు కట్టే దారం మెత్తగ ఉంటది. బస్తా దారం కొడవలి అంచు లెక్క ఉంటది. అది లోపలి గోడల మీది కోటింగ్‌ను గీక్కుంట తిరుగుతది. "బావా, గది ఇప్పెయ్. నేను వేరే పంపిస్త" అన్న. "దీనికేమైంది? ఏనుగును కట్టినా తెగదు" అన్నడు. నేను ఏనుగును ఎందుకు కడుత యోయోకు?

దారాల కట్ట పట్టుకొని నేనే పోయిన. జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదికెల్లి నల్లగొండ, ఆడికెల్లి ఇంకో బస్సు. నడుము ఇరిగింది. పొయ్యేసరికి బావ తోట పక్కన రేకుల షెడ్డుల ఉన్నడు. కాయ ఏరేతందుకు కింద షాబాదు బండలు పరిపిచ్చుకున్నడు. గా బండల నడుమ నిలబడి నా యోయో ఆడిస్తాండు. నేను చూస్తుండంగనే దారం జారి అది బండ మీద పడ్డది. టంగుమని ఎగిరి, ఇంకో బండ మీద పడి, దొర్లుకుంట పోయి కాయల గంప కింద దూరింది.

తీసి చూసుకున్న. అంచు పొడుగూత ఎలక కొరికిన బిస్కెట్ లెక్క ఉంది. యాడికాడ పెంకు లేచి లోపలి బూడిదరంగు లోహం కనవడుతాంది. మిగిలిన జాగల బత్తాయి తొక్క నూనె పట్టి పచ్చటి మరకలు. దానిమీద ఇంకేదో జిడ్డు.

"ఇదేంది బావా?"

"కొబ్బరినూనె. పొడిపొడిగ ఐతాందని జర రాసిన."

"పొడిగ ఉండాలెననే గదా అది అట్ల చేసిండ్రు! మట్టి మీద ఆడమంటి గదా, బండల మీద ఎందుకు?"

"మట్టిల ఆడితె బట్టలకు దుమ్మని మీ అక్క ఒర్రుతాంది."

అక్క ఆడనే కాయలు ఏరుతాంది. "నేనెప్పుడన్న?" అన్నది. బావ ఇననట్టు ఉన్నడు.

కోపం ఆపుకొని కూసోబెట్టి చెప్పిన. సిరామిక్ పొర గట్టిది, గోరుతోని గీకితె గీత పడదు. గని పలచన. కింద అల్యూమినియం మెత్తది. బండకు తాకినప్పుడు లోహం సొట్టబోతది. పైనున్న పొరకు వంగుడు రాదు, అందుకే పెటిలి ఊడుతది.

బావ గదుమ గోక్కున్నడు. "ఐతె గట్టిదని ఎందుకు చెప్పినవ్?"

"గట్టిదే బావా. గట్టిది గనకనే పగులుతది."

"గదేం గట్టిదనం? పగిలెదాన్ని ఎవడన్న గట్టిది అంటడా?"

ఇగ ఈ మనిషికి ఏం చెప్పాలె? పైగ ఆయన అడిగింది నేను సుత కండ్లద్దాల కంపినోళ్లను అడిగిన మాటనే. అది ఇంక మండింది నాకు.

లోపటికి పోతె అక్క చాయ్ పెట్టుకుంట మెల్లగ అన్నది. "తమ్మీ, మీ బావ జర్దా ముట్టక నెల దాటింది. దిండు బట్టకు సుత వాసన లేదు. నువ్వు రంగు పోయిందని గంత మొఖం పెట్టుకుంటివేందిరా?" నేను చాయ్ తాగిన. రంగు గాదక్కా, తాకుడు సంగతి అని చెప్పాలనిపిచ్చింది. నా అక్కనే ఐనా గా మాట చెప్పే ధైర్యం నాకు రాలె.

బావకు మాత్రం మనసుల పడ్డట్టుంది. తప్పు చేసిన, బామ్మర్ది సొమ్ము ఖరాబు చేసిన, బాగు చేపిచ్చి ఇయ్యాలె అని. గా మంచి బుద్ధే నా కొంప ముంచింది. కొన్నాళ్లకు ఫోన్‌ల గొంతు మస్తు ఖుషీగ ఉంది. "బామ్మర్దీ, నీ సిరామిక్ యాడనో దొరుకుతదంటివి. మా హైవే మీదనే ఉంది! ఇంతపెద్ద బోర్డు పెట్టిండ్రు."

"బావా, ఆగు. గది కార్లకు..."

"ఇచ్చేసొచ్చిన. రేపు ఇస్తరు."

కార్లకు వేసే సిరామిక్ కోటింగ్ వేరు. గది నీళ్లసొంటి మందు, రంగు మీద తుడుస్తరు, కారు తళతళ మెరుస్తది. పేరొక్కటే, గుణం పూర తలకిందులు. పాపం గా కార్లు కడిగే పిలగాండ్ల తప్పేం లేదు. సిరామిక్ అడిగిండు, సిరామిక్ వేసిండ్రు. బావ దాన్ని తీసుకొని, తోటకు మందు తెచ్చే పని ఉందని చెప్పి, పాలమూరు దాక వచ్చిండు చూపెట్టెతందుకు. రుమాలు ఇప్పిండు. నా గుడ్డు పెంకు యోయో, అంచుల గాయాలతోని సహ, గాజు గోళీ లెక్క మెరుస్తాంది.

"ఎట్లుంది?" అన్నడు. మొఖమంత నవ్వు.

వేలు మీద పెట్టిన. పట్టుకున్నది. కిర్రుమని ఆగింది. ఎర్రదే నయం. "బావా, నీకు తెలుస్తలేదా?" అన్న. ఆయన సుత పెట్టి చూసుకున్నడు. నవ్వు పోయింది. "అవును, కొరుకుతాంది" అన్నడు. ఆ వేలుకు అబద్ధం చెప్పుడు రాదు, గదొక్కటి ఒప్పుకోవాలె. "నీదగ్గరనే ఉంచుకుంటవా?" అని అడిగిండు. తీసుకపొమ్మన్న. ఇగ దానికి అయ్యేదింకేముంది అనుకున్న.

ఇంక ఉండె.

యాదగిరిగుట్టల మా చుట్టాల పెండ్లి. గుట్ట కింద ఫంక్షన్ హాల్‌ల భోజనాల బంతికి లైన్ల నిలబడ్డ. బావ వచ్చి నా చెయ్యి పట్టి పక్కకు గుంజుకపోయిండు. కొత్త అంగి, కొత్త ధోతి, చేతిల గదే రుమాలు. "ఈపారి ఖాయం. ఇగ పదేండ్లైనా పోదు" అన్నడు. ఇప్పితె ఆకుపచ్చగ ఏదో ఉంది. మొదలు అదేందో నాకు సమజ్ గాలె.

"మా కొత్త గేటుకు నల్లగొండల రంగు పొడి కొట్టిచ్చి కాల్పిచ్చినం సూడు. గండ్లనే దీన్ని సుత వేలాడదీసిండ్రు. సుత్తెతోని కొట్టి చూసిన, లేవలె!"

సుత్తెతోని కొట్టిండట. పాత కోటింగంత ఉప్పుకాగితంతోని గీకి, పైన గేటు రంగు ఎక్కిచ్చిండు. గీకిన కాడ ఒకదిక్కు ఎక్కువ, ఒకదిక్కు తక్కువ. పొర మందంగ, చిన్నచిన్న గుంతలతోని అచ్చం బత్తాయి తొక్క లెక్క ఉంది. బోల్టు మరల్లకు సుత రంగు పోయి రెండు చిప్పలు వంకరగ బిగిసినయి. అయినా ఇసిరి చూసిన. వేలు దాక దడదడ వచ్చింది, గుంతల రోడ్డు మీద ఆటోల కూసున్నట్టు.

ఇగ ఆగలేకపోయిన. పెండ్లి అని సుత చూడలె. "గట్టిదనమే కావాలంటె రోకలిబండకు దారం కట్టుకొని ఆడుకోరాదు బావా! పదేండ్లు గాదు, నూరేండ్లు ఉంటది! చేతిల పట్టుకుంటె హాయిగ ఉండాలెనని తెచ్చుకున్న నేను, గేటుకు ఏలాడదీయనీకి గాదు!"

సన్నాయోళ్లు సుత ఆగిండ్రు. లైన్ల ఉన్నోళ్లంత నా దిక్కు చూస్తాండ్రు. ఇద్దరు పెద్దమనుషులు ఏదో భూమి పంచాయితి అనుకొని సర్దిచెప్పనీకి లేచొచ్చిండ్రు. "ఏంది, హద్దుల గొడవనా?" అని ఒకాయన అడిగిండు. యోయో గొడవ అని ఎట్ల చెప్పాలె? బావ తల దించుకున్నడు. అంత పెద్ద మనిషి చిన్నగ ఐపోయిండు. "బాగు చేద్దామనే గదా బామ్మర్దీ" అన్నడు. గది ఇని ఇంక చికాకు లేసింది నాకు. కోపం చేసుకుందామంటె సుత ఆ మనిషి సక్కగ చేసుకోనియ్యడు.

బంతిల అక్క మా ఇద్దరి నడుమ కూసున్నది. నా దిక్కు చూడకుంటనే, "నీ బావ ఇస్తరి చూడు" అన్నది. చూసిన. లడ్డు పూరగ తీసి నోట్ల పెట్టుకున్నడు. వానకాలంల ఇడ్లీని గిల్లి గిల్లి తిన్న మనిషి. నేను ఇంకో లడ్డు ఆయన ఇస్తర్ల వేసిన. ఆయన తిన్నడు.

గా పచ్చదాన్ని నేను తెచ్చుకున్న. గా రంగు తీసుడు నాకో శిక్ష. థిన్నర్ల నానబెట్టిన, లేవలె. రంగు తీసే జిగురు మందు రాసిన, అది మొదలు నా గోళ్ల రంగు తీసింది. దుకాణంల అద్దాలు అరగదీసే మిషన్ ఉంది గని, దానికి పెట్టుడు మనసు రాలె. చివరకు గీకుడే గతి. ఆదివారాలన్ని గీకుకుంట కూసుంటె మా ఇంటామె, "గంత పట్టుదలతోని ఇంటి కిటికీలు గీకితె కొత్తగ ఐపోతుండె" అన్నది. ఆమె అన్నది తప్పుకాదు. ఎట్లనో ఉత్త అల్యూమినియం బయటికొచ్చింది, గీతలు గీతలుగ, వేళ్లకు నల్లగ అంటుకుంట. బోల్టు మరలు సాఫ్ చేసి బిగిచ్చిన. దడదడ తగ్గింది. బావకు పంపిన.

నాకోసం సిరామిక్‌దే ఇంకోటి తెప్పిచ్చుకున్న. ఈపారి ఎవ్వలకు చూపెట్టలె. చేతులు కడుక్కొని, తుడుచుకొని, మిద్దె మీద పాత బొంత పరిచి దాని మీదనే ఆడిన. ఒక్కపారి బండకు తాకనియ్యలె. అయినా ఎండకాలం వచ్చేసరికి, బొటనవేలు తిరిగే కాడ గుండ్రంగ ఒక మెరుపు పడ్డది. పొర ఊడలె, అరిగి నున్నగైంది. నున్నగైతె ఇగ అతుకుడు మొదలు. కింద పడేస్తె పెంకు లేస్తది, పైలంగ ఆడితె నున్నగైతది. మరి ఎవ్వలకోసం చేస్తరో నాకు తెల్వదు. దేన్ని తాకితె హాయిగుంటదో, గా తాకుడుతోనే గది పోతాంది. ఎవలను తిట్టాలె?

గా ఎండకాలమే బావను మల్ల డాక్టరమ్మకు చూపెట్టాలె. అక్కకు కాయ కోతలు, నేను ఎంట పోయిన. బావ బస్సుల పొడుగూత అంగి జేబు తడుముకుంటనే ఉన్నడు. భయపడుతాండని తెలుస్తాంది. నాక్కూడ భయమే. ఆమె లైటు వేసి దౌడ లోపట చూసింది. శానసేపు చూసింది. మూడు వేళ్లు పెట్టమన్నది. రెండు పోయినయి, మూడోది సగం దాక పోయి ఆగింది.

"మచ్చ పలచబడ్డది. ఇంక ముదరలె. నోరు పూర ఎన్కటి లెక్క కాదు గని, ఇట్లనే ఉంటె భయం లేదు" అన్నది. "నిజం చెప్పు, జర్దా ముట్టలేదా?"

"దసరాకు ఒక్కపారి పెట్టుకున్న, ఉమ్మేసిన" అన్నడు బావ. నాకు తెల్వని సంగతి. అక్కకు సుత తెల్వదు.

"ఎట్ల మానినవ్? నా తానకొచ్చినోళ్లల్ల నూటికి తొంభై మంది మానలేరు" అన్నది ఆమె, మాటవరసకు.

గంతే. బావ జేబుల చెయ్యి పెట్టిండు. నేను "బావా, ఈడ వద్దు" అనేలోపట ఇసిరిండు. అది కింద తిరిగింది, ఆయన దాన్ని పక్కకు ఊపిండు, కుర్చీ మీది లైటు కొమ్మకు టంగుమని తాకింది. నర్సు ఎగిరి గోడకు ఆనుకున్నది. డాక్టరమ్మ లైటు చూసుకున్నది, పగల్లేదు. తర్వాత చెయ్యి చాపి యోయో తీసుకున్నది. వేలుతోని రుద్ది చూసింది.

"ఇదేంది, ఇంత గీతలుగీతలుగ ఉంది? ఎవలు ఖరాబు చేసిండ్రు?"

బావ నా దిక్కు చెయ్యి చూపెట్టిండు. "మా బామ్మర్ది గీకిండు మేడం. మస్తు మంచి రంగుండె దీనికి."

నేను నోరు తెరిచిన. యాడికెల్లి మొదలుపెట్టాలె, బస్తా దారం కాడికెల్లా, కొబ్బరినూనె కాడికెల్లా, గేటు కాడికెల్లా? బయట ఇంక ఇరవై మంది కూసున్నరు. డాక్టరమ్మ నన్ను చూసి, "అట్ల చెయ్యొద్దు, ఆయనకు అది మంచిగ పనిచేస్తాంది" అన్నది. సరే మేడం అన్న.

బస్టాండుల బావ నాకు చెరుకురసం ఇప్పిచ్చిండు. భయం పోయింది, గొంతు మల్ల పెద్దగైంది. ఎండకు గిలాస సల్లగ ఉంది. సగం తాగి, మూతి తుడుచుకొని, "బామ్మర్దీ, నాకు గా తెల్లసొంటిది ఇంకోటి తెప్పియ్" అన్నడు.

"తెప్పిస్త."

"సిరామిక్‌దే. మొదలు వచ్చినప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉండాలె. సల్లగ."

"గట్లనే ఉంటది బావా."

"గాని ఈపారి జర చూసి తీసుకో. పోయినపారి నువ్వు తెచ్చినదాని కోటింగ్ ఏం బాగలేకుండె. ఉత్తగనే ఊడింది."

దేవరకొండ బస్సు వచ్చింది. నేను గిలాస ఆడ పెట్టి పోయి ఎక్కిన. కింద బావ కిటికి పక్కకొచ్చి నిలబడి, బస్సు కదిలేదాక జాగ్రత్తలు చెప్పుకుంట ఉన్నడు, అంచు మందం ఉండాలె, పొర సమంగ ఉండాలె, రంగు పైపైన ఉండొద్దు అని. నేను సరే సరే సరే అన్న.